కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2: పూర్తి ధర తీసుకున్నారు, సగం గేమ్ కూడా ఇవ్వలేదు

సేల్‌లో కనబడిందని, కెర్బల్ 2 కొనొచ్చా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ముందే చెప్పేస్తున్నా, వద్దు. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. మొదటి కెర్బల్ అంటే ప్రాణం పెట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

తెలియనివాళ్లకి ఒక్క ముక్క: ఇది రాకెట్లు కట్టి ఎగరేసే సిమ్యులేషన్ గేమ్. ఇంజిన్లు, ట్యాంకులు, స్టేజీలు అన్నీ మనమే బిగించాలి, లెక్క తప్పితే కూలిపోతుంది. చంద్రయాన్-3 2023 జులై 14న శ్రీహరికోటలో లేచి ఆగస్టు 23న గానీ చంద్రుడి మీద దిగలేదు కదా, అన్ని రోజులు ఎందుకు పట్టిందని మా ఇంట్లో అడిగితే మొదటి కెర్బల్ తెరిచి చూపించాను. భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ కాసేపు మండిస్తే కక్ష్య అవతలి వైపు సాగుతూ పోతుంది, తక్కువ ఇంధనంతో అంత దూరం చేరొచ్చు. పుస్తకంలో పది పేజీలు చదివినా ఎక్కని విషయం ఆ గేమ్‌లో చేత్తో చేస్తే ఇట్టే ఎక్కుతుంది. అలాంటి గేమ్‌కి రెండో భాగం వస్తోందంటే మరి ఎంత ఆశ పెట్టుకుంటాం!

2019 ఆగస్టులో ప్రకటించారు. వేరే గ్రహాల మీద కాలనీలు, వేరే నక్షత్రాల దాకా ప్రయాణం, స్నేహితులతో కలిసి ఆడే మల్టీప్లేయర్, అన్నీ ఉంటాయన్నారు. 2020లో వస్తుందన్నారు. మధ్యలో టేక్-టూ కంపెనీ అప్పటిదాకా చేస్తున్న స్టూడియో నుంచి ప్రాజెక్టు లాగేసుకుని సొంతంగా ఇంటర్‌సెప్ట్ గేమ్స్ అనే స్టూడియో పెట్టింది, తేదీ ఏడాదికేడాది జరుగుతూ పోయింది, చివరికి 2023 ఫిబ్రవరి 24న ఎర్లీ యాక్సెస్ పేరుతో, అంటే ఇంకా తయారవుతుండగానే అమ్మే పద్ధతిలో వదిలారు. ధర 49.99 డాలర్లు. పూర్తయిన మొదటి గేమ్ ధర 39.99 అయితే, పూర్తికాని దీనికి అంతకన్నా పది డాలర్లు ఎక్కువ.

పోనీ ఆడదామంటే కనీసం ఆర్‌టీఎక్స్ 2060 గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలన్నారు, సాఫీగా ఆడాలంటే 3080 కావాలట. అంత కార్డ్ ఉన్నవాళ్లకీ గేమ్ నత్తనడకే నడిచింది. పొడుగాటి రాకెట్ ఒకటి కట్టి లాంచ్‌ప్యాడ్ మీద నిలబెడితే వెదురు గడలా ఊగేది, పైకి లేచాక నడుం దగ్గర వంగి దారి తప్పేది. అన్నీ దాటుకుని కక్ష్యలోకి చేరితే, ఇంజిన్ ఆపేసి ఉన్నా ఆ కక్ష్య తనంతట తాను మారిపోయేది. ఇది మామూలు బగ్ కాదండీ. ఇంజిన్ ఆపితే కక్ష్య కదలకూడదు, ఈ గేమ్ మొత్తం నిలబడేదే ఆ ఒక్క సూత్రం మీద. అదే నమ్మలేనప్పుడు ఇక లెక్కలు వేసుకుని ఏం లాభం? తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు పుట్టే వేడి కూడా మొదట్లో లేదు, అంటే హీట్ షీల్డ్‌కి పనే లేదు. ప్రయోగాలు చేసి పాయింట్లు తెచ్చుకుని, వాటితో కొత్త రాకెట్ భాగాలు సంపాదించుకునే సైన్స్ మోడ్ మొదటి గేమ్‌లో ఉండేది, అది సైతం లేదు.

రిఫండ్ ఉంది కదా అంటారు. గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో రెండు గంటల లోపు ఆడి ఉంటేనే, కొన్న 14 రోజుల్లోపు అడిగితేనే వస్తుంది. ఇలాంటి గేమ్‌లో మొదటి రాకెట్ కట్టి, అది పడిపోతే తప్పు మనదా గేమ్‌దా అని తేల్చుకునేలోపే ఆ రెండు గంటలు అయిపోతాయి. కొత్తగా వచ్చినవాళ్లు తప్పు తమదేననుకుని పొద్దస్తమానం రాకెట్లు మార్చి మార్చి కట్టుకున్నారు పాపం, నాకు అన్నిటికన్నా బాధనిపించేది అదే.

మంచి కూడా చెప్పాలి. సంగీతం చాలా బాగుంటుంది, కొత్తవాళ్లకి నేర్పే యానిమేషన్ పాఠాలు మొదటి గేమ్‌లో కన్నా ఎంతో మేలు. 2023 డిసెంబరులో వచ్చిన 'ఫర్ సైన్స్' అప్‌డేట్‌తో వేడి, సైన్స్ రెండూ వచ్చాయి, కొన్ని బగ్స్ పోయాయి, ఇక దారిలో పడిందని చాలామంది సంబరపడ్డారు. నేనూ పడ్డాను. అంతలోనే 2024లో సియాటిల్‌లోని ఇంటర్‌సెప్ట్ స్టూడియో ఉద్యోగుల్ని తీసేశారు, ఏడాది చివర్లో టేక్-టూ ఆ గేమ్ పబ్లిషర్ ప్రైవేట్ డివిజన్‌నే అమ్మేసి చేతులు దులుపుకుంది. కాలనీలు లేవు, నక్షత్రాలు లేవు, మల్టీప్లేయర్ లేదు. 2024 మధ్యలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి.

మొదటి కెర్బల్ కూడా 2011లో అరకొరగానే బయటికొచ్చింది, ఆ మాట నిజమే. కానీ దాన్ని తయారుచేసిన మెక్సికో సిటీలోని స్క్వాడ్ కంపెనీ దాన్ని తక్కువ ధరకి ఇచ్చి, ఆడేవాళ్ల మాట వింటూ పెంచి, 2015లో పూర్తి చేసి చేతిలో పెట్టింది. అసంపూర్తిగా అమ్మడం ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. రేపు వచ్చేవాటికి కూడా కలిపి ఈరోజే పూర్తి డబ్బు తీసుకుని, రేపు లేదని తెలిశాక కూడా అదే ధరకి అమ్మడం మాత్రం జనాన్ని ముంచడమే.

రాకెట్ల మీద ఆసక్తి ఉంటే మొదటిది కొనుక్కోండి, తరచుగా బాగా తగ్గింపులో వస్తుంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, అభిమానులు తయారుచేసిన అదనపు హంగులు, అదే మోడ్స్ వేసుకుంటే చూడటానికీ ముచ్చటగా ఉంటుంది. రెండోదాన్ని ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వాళ్లు అమ్మకం ఆపేయాలి, లేదా కనీసం ఇందులో ఇకపై కొత్తది ఏదీ రాదని కొనే బటన్ పక్కనే పెద్ద అక్షరాలతో రాయాలి.