పెయింట్ డబ్బా మీద స్టిక్కర్‌ని గోటితో గీకి చూడండి. నేను చూడలేదు, మునిగాను

ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా. షాపు పేరు రాయను. బస్టాండ్ రోడ్డులో పెద్ద పెయింట్ షాపు అంటే మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

వరలక్ష్మీ వ్రతం లోపు హాలుకి మీగడలాంటి లేత పసుపు వేయిద్దామనుకున్నాం. షేడ్ కార్డులో వేలు పెట్టి మరీ చూపించాను. 20 లీటర్ల ఎమల్షన్, 9,400. "రేపు మెషీన్లో కలిపి పంపిస్తాం మేడం" అన్నారు, పంపారు. మూత అంచున రంగు ఎండిపోయి పెచ్చుకట్టి ఉంది. ఇవాళ కలిపిన డబ్బాకి పెచ్చేమిటని అడగాల్సిన నా బుర్ర ఆ పూట ఎక్కడ మేస్తోందో!

ఒక కోటు పడేసరికి నిమ్మకాయ రంగు కొట్టింది. "ఆరితే సెట్టవుద్దమ్మా" అన్నాడు పెయింటర్. ఆరింది. పసుపు ఒక్క కోటుకి గోడని కప్పదు, రెండోది పడనివ్వమన్నాడు. అదీ పడింది. ఇప్పుడు మా హాలుకి పచ్చకామెర్లు.

షాపుకెళ్తే ఓనరు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. మీ ఇంట్లో తెల్ల ఎల్ఈడీలు, వాటి కింద పసుపు అలాగే ఆకుపచ్చ తిరుగుతుందట. అందులో కొంత నిజముంది, కాదనను. కానీ పొద్దున్న కిటికీ ఎండలో కూడా అంతే ఉంది కదయ్యా అంటే, "కలిపిన రంగు వెనక్కి తీసుకోం, బోర్డు కనపడట్లేదా? కంటి డాక్టరు పక్క సందులోనే ఉన్నాడు" అన్నాడు. పనికుర్రాళ్లు కిసుక్కుమన్నారు. పదిమందిలో నిలబడి ఆ మాట పడ్డాను. 9,400 కంటే అదే ఎక్కువ మండుతోంది.

ఇంటికొచ్చాక అనుమానమొచ్చి డబ్బా మీద స్టిక్కర్‌ని గోటితో గీకాను. కింద ఇంకో స్టిక్కర్! వేరే షేడ్ కోడ్, రెండు నెలల కిందటి తేదీ. ఎవరో వద్దన్న డబ్బా అన్నమాట. వెనక్కి తీసుకోం అన్న పెద్దమనిషి వాళ్ల దగ్గర శుభ్రంగా తీసుకుని, పైన నా కోడ్ అంటించి నాకు అంటగట్టాడు. ఫోటో తీసి వాట్సాప్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయి, ఆ తర్వాత డీపీ మాయమైంది.

బిల్లా? అదీ నా తెలివితేటలే. జీఎస్టీ లేకుండా తగ్గించి ఇస్తానంటే తెల్లకాగితం మీద రాయించుకుని మురిసిపోయా. ఇప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఏం చూపించను, నా మొహమా?

మీరైనా పక్కా బిల్లు తీసుకోండి. మూత మీ ఎదురుగానే తీయించి, అట్టముక్క మీద కాస్త పూయించి, ఆరాక ఎండలో షేడ్ కార్డు పక్కన పెట్టి చూడండి. స్టిక్కర్ సంగతి పైన చెప్పాను.

వ్రతానికి ఆరు రోజులుంది. పెయింటర్ రేపు మళ్లీ వస్తాడు, కూలీ మళ్లీ మొదటి నుంచి.