కేటలాగా, అంగడా, ఆన్‌లైనా? పుస్తకాలు ఎంచుకోవడానికి ఏది మేలు?

కథలు, కవిత్వం, చరిత్ర, సైన్సు, ఆత్మకథలు, అనువాదాలు అన్నీ వేసే ప్రచురణసంస్థ నుంచి నాలుగైదు పుస్తకాలు ఏరుకోవాలంటే తిరుపతి, చిత్తూరు పాఠకులకు మూడు దారులున్నాయి. అచ్చు కేటలాగో దాని పీడీఎఫో ముందేసుకోవచ్చు, పుస్తకాల అంగడికి పోవచ్చు, లేదా ఫోన్లోనే ఆర్డరు పెట్టేయొచ్చు. చాలామంది మూడోదానికే అలవాటు పడ్డారు. వెతకడంలో అన్నిటికంటే వెనకబడింది మాత్రం అదే.

వెతకడానికి కేటలాగును మించింది లేదు. అంగట్లో ముందు వరుస కొత్త పుస్తకాలకూ పోటీ పరీక్షల గైడ్లకూ పోతుంది. పదేళ్ల కిందటి మంచి పుస్తకం ఒకే ఒక్క ప్రతి ఉంటే అది అడుగు అరలో, వెన్ను కూడా కనబడకుండా పడి ఉంటుంది. ఆన్‌లైన్ పేజీ అమ్ముడయ్యేవాటినే పైకి తోస్తుంది. కేటలాగులో మాత్రం కొత్తదానికీ పాతదానికీ ఒకే ఒక్క వరుస. మొదట తెరవాల్సింది 'ఇతరములు' విభాగం. ఎందులో చేర్చాలో తెలియని యాత్రాకథనాలు, లేఖలు, ఊళ్ల చరిత్రలు, వైద్యం పుస్తకాలు అక్కడే పోగుపడతాయి. వైవిధ్యమున్న సంస్థ అసలు రుచి తెలిసేది ఆ రెండు పేజీల్లోనే.

పేర్ల దగ్గర జాగ్రత్త. కొన్ని కేటలాగులు ఇంటిపేరు వరుసలో ఉంటాయి, కొన్ని వాడుక పేరు వరుసలో. చలం కోసం 'చ' దగ్గర చూసి లేడనుకుంటే, ఆయన గుడిపాటి వెంకటచలంగా 'గు' దగ్గర ఉండొచ్చు. శ్రీశ్రీ శ్రీరంగం శ్రీనివాసరావుగానూ, రారా రాచమల్లు రామచంద్రారెడ్డిగానూ కనబడతారు. అనువాదాల్లో పేరే మారిపోతుంది. అలెక్స్ హేలీ 'రూట్స్' కావాలంటే తెలుగులో 'ఏడు తరాలు' అని వెతకాలి. అనువాదకుడు సహవాసి పేరు తెలిస్తే ఇంకా తొందరగా దొరుకుతుంది.

పీడీఎఫ్ కేటలాగులో పేరు కొట్టి వెతికితే 'ఏమీ లేదు' అని వస్తుందా? పుస్తకం లేదని అప్పుడే అనుకోవద్దు. మన డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాల కూర్పు, చాలావరకు అను ఫాంట్లలో జరిగింది. అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ కావు. కంటికి తెలుగే కనబడుతుంది, కంప్యూటరుకు మాత్రం అర్థంలేని గుర్తులు. ఒక మాట కాపీ చేసి వేరేచోట అతికించి చూడండి, పిచ్చి గీతలు వస్తే వెతుకుడు మానేసి పేజీ పేజీ తిప్పాల్సిందే. ధరలు కూడా కేటలాగు అచ్చయిన నాటివి. సంపుటాల ముందు రాసిన వెల మొత్తం సెట్టుకా, ఒక్క సంపుటానికా అన్నది తప్పక అడగాలి.

కొనాలా వద్దా అని తేల్చుకునేది అంగట్లోనే. కథేతర పుస్తకమైతే చేత్తో పట్టుకుని చూడకుండా కొనకపోవడమే మంచిది. మొదట పుస్తకం పేరున్న లోపలి పేజీ వెనకవైపు చూడండి. ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, మూల గ్రంథం ఏ ఏడాదిది, అనువాదమా సంక్షిప్తమా అన్నవి అక్కడ ఉండాలి. 'సంక్షిప్త' అన్న మాట కేటలాగులో తరచూ జారిపోతుంది. తర్వాత చివరి పేజీలకు వెళ్లండి. పదసూచి, ఆధారాలు ఉన్న చరిత్ర పుస్తకం తెలుగులో దొరికితే అదృష్టమే. ఉంటే వెల కొంచెం ఎక్కువైనా తీసుకోవచ్చు.

ఆపైన ఫారాలు. పుస్తకం సాధారణంగా 16 పేజీల కట్టలుగా అచ్చవుతుంది, వాటినే ఫారాలంటారు. బైండింగులో కట్టలు వరసగా జోడించేటప్పుడు ఒకటి తప్పితే 48 తర్వాత 65 వస్తుంది. ఒకే కట్ట రెండుసార్లు పడితే 64 తర్వాత మళ్లీ 49. బొటనవేలితో అంచు జారవిడుస్తూ పేజీ అంకెలు చూస్తే అర నిమిషంలో బయటపడుతుంది. మూడొందల పేజీలు దాటితే వెన్ను దగ్గర కుట్టు ఉందేమో చూడండి. జిగురు ఒక్కటే అయితే నడిమికి విప్పగానే పట్టు వదులుతుంది, మన ఎండలకు ఇంకా తొందరగా.

సాహిత్యానికి ఇంత పరీక్ష అక్కర్లేదు. నచ్చిన రచయిత నవల కేటలాగు చూసే తెప్పించుకోవచ్చు. కథాసంపుటాల సంగతి వేరు. మధురాంతకం రాజారాంలా దశాబ్దాలపాటు రాసినవాళ్ల కథలు విడి సంపుటాల్లో, ఎంపిక కథల్లో, సమగ్రంలో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రెండు పుస్తకాల విషయసూచికలు పక్కపక్కన పెట్టి చూడకపోతే అవే కథలకు రెండుసార్లు డబ్బిస్తారు.

ఆన్‌లైన్ పనికొచ్చేది ఏం కావాలో తేలిపోయాక. ఒక్క పుస్తకానికి ఆర్డరు పెడితే రవాణా దండగ. డెమ్మీ, అంటే మామూలు నవల సైజులో 200 పేజీలంటే 100 ఆకులు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) కాగితమైతే అట్టతో కలిపి దాదాపు 230 గ్రాములు. నాలుగు పుస్తకాలు కిలోలోపే సర్దుకుంటాయి, కాబట్టి నాలుగు పోగయ్యేదాకా ఆగండి. టీటీడీ ప్రచురణల్లో చాలావాటిని వాళ్ల ఈ-పుస్తకాల సైటులో డబ్బు లేకుండా చదవొచ్చు. కొన్ని పేజీలు అక్కడ చదివి, రోజూ చేతిలో ఉండాల్సినవే తిరుపతిలో కొనుక్కోండి.

తిరుపతిలో ఉండేవాళ్లకు కేటలాగులో టిక్కు పెట్టుకుని అంగడికి పోవడమే మేలు. చిత్తూరు నుంచైతే రానూ పోనూ 140 కిలోమీటర్లు, ఒక పూటంతా పోతుంది. ముందు ఫోన్ చేసి నాలుగు పేర్లు చదివి స్టాకు ఉందా, ఏ ముద్రణ, ఇప్పటి వెల ఎంత అని అడగండి. 'ఉన్నట్టుంది' అంటే బస్సెక్కొద్దు. ప్రతిని అరలోంచి తీసి పక్కన పెట్టామని చెప్పాకే బయల్దేరండి.