ఓ2లో అవార్డుల రాత్రి, ట్యూబ్ సమ్మెలో మా అమ్మ

సెప్టెంబరు 10, 2025, బుధవారం. లండన్ ఓ2 అరీనాలో బ్రిటన్ టీవీ కార్యక్రమాలకిచ్చే నేషనల్ టెలివిజన్ అవార్డ్స్ 30వ వేడుక. టిక్కెట్లు మనలాంటి వాళ్లకీ అమ్ముతారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ రోజూ సీరియళ్లలోనే బతుకుతుంది కదా, చూపిద్దామని ముందే కొనేశా. తీరా ఆ వారమే ట్యూబ్, అంటే లండన్ భూగర్భ రైళ్ల సమ్మె. ఓ2 పక్కనున్న ఒకే ఒక్క స్టేషన్ నార్త్ గ్రీనిచ్, అదీ ట్యూబ్‌లోని జూబిలీ లైన్ మీదే.

బస సంగతి. ఓ2కి ఆనుకునే పెద్ద హోటల్ ఉంది. రేటు చూసి ఫోన్ పక్కన పెట్టేశా. ఈస్ట్‌హామ్‌లో ఓ గెస్ట్‌హౌస్ దొరికింది. ఫొటోలో చూపించిన కిటికీ నిజంగానే ఉంది, తీస్తే ఎదురుగా పక్కింటి గోడ. మొదటి రోజు వేడినీళ్లు రాలేదని చెబితే ఓ కెటిల్ తెచ్చి చేతిలో పెట్టారు! అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతా. నాలుగడుగులు వేస్తే హై స్ట్రీట్ నార్త్, పొద్దున్నే ఇడ్లీ, వడ. "సాంబార్లో బెల్లం ముక్క వెయ్యలేదు గానీ, కాఫీకి వంక పెట్టలేంరా" అంది అమ్మ.

ఆ రోజు డీఎల్‌ఆర్ అనే చిన్న రైలు మాత్రం నడుస్తోంది. రాయల్ విక్టోరియా దాకా వెళ్లి కేబుల్ కార్లో థేమ్స్ దాటొచ్చు. వీడియో చూపిస్తే "తాడుకి వేలాడే పెట్టెలో నేనెక్కను" అని తేల్చేసింది. దాంతో స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లి 108 బస్సెక్కాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో థేమ్స్ కింద సిల్వర్‌టౌన్ సొరంగం తెరిచి కార్లకి టోల్ పెట్టారు, అప్పటి నుంచి ఏడాది పాటు ఈ బస్సు ఉచితమన్నారు. మా బస్సు నది దాటే బ్లాక్‌వాల్ సొరంగం ముందు మాత్రం నత్తనడక.

ఓ2లోకి ఎ4 కాగితం కన్నా పెద్ద సంచి రానివ్వరు, లోపల నోట్లు చెల్లవు, అంతా కార్డే. అమ్మ చేతిసంచిలో జంతికల డబ్బా కనిపించినా, సెక్యూరిటీ అమ్మాయి అమ్మ ముఖం చూసి వదిలేసింది. మా సీట్లు నాలుగో లెవెల్లో. లిఫ్ట్ ఉంది గానీ, లోపల వరసల మధ్య మెట్లు మరీ నిటారు. "మంగళగిరి కొండే నయం" అంటూ నా భుజం పట్టుకుని దిగింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు డబ్బు ఎక్కువైనా కింది లెవెలే తీసుకోండి.

అంత ఎత్తు నుంచి వ్యాఖ్యాత జోయెల్ డొమెట్ అగ్గిపుల్లంత. అందరం తెరలే చూశాం, అంటే అక్కడా టీవీయే! అసలు తమాషా యాడ్ బ్రేకుల్లో ఉంది. ఐటీవీ ఛానల్లో లైవ్ కదా, బ్రేక్ రాగానే మెరుపుల గౌన్లన్నీ ఒక్కసారి లేచి ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి పరుగులు. మళ్లీ మొదలయ్యే లోపు ఎవరి కుర్చీల్లోకి వాళ్లు. కరెంటొచ్చాక పెళ్లిపందిరి సర్దుకున్నట్టు ఉంది.

ఇవి జనం ఓట్లతో ఇచ్చే అవార్డులు. ఉత్తమ వ్యాఖ్యాతగా, ఎప్పుడూ కలిసే షోలు చేసే యాంట్, డెక్ జంట వరసగా 23 ఏళ్లు గెలిచింది. ఈసారి గ్యారీ లినెకర్ పేరు చదివారు. బీబీసీలో ఫుట్‌బాల్ షో నడిపి, మే నెలలోనే ఆ సంస్థ వదిలేసిన మనిషి. మా వరసలో ఒకావిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అమ్మకి ఎవరూ తెలీదు. "ఇన్నేళ్లూ ఒక్కళ్లకే ఇస్తే మిగతావాళ్లేమైపోవాలి" అని ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

పదిన్నరకి అయిపోయింది. 108 రాత్రంతా తిరుగుతుంది, కానీ స్టాపులో చాంతాడంత క్యూ. మా ముందు ఇద్దరు ఆడపిల్లలు ముత్యాల గౌన్లు వేసుకుని, హైహీల్స్ చేతిలో పట్టుకుని ఒట్టికాళ్లతో నిలబడ్డారు. అమ్మ డబ్బా మూత తీసి వాళ్ల ముందు పెట్టింది. ఒకమ్మాయి కొరికి, "ఓ మై గాడ్" అంటూ ఇంకోటి తీసుకుంది.