ఆఫ్‌లైన్ అని చెప్పి డబ్బు కట్టించుకున్న నోట్స్ యాప్: రెండేళ్లు వాడాక

ఫోల్డర్లు, ట్యాగులు, రిమైండర్లు ఇలాంటి యాపులన్నిట్లో ఉండేవే, వాటి జోలికి పోను. ఉచిత ప్లాన్ వదిలి డబ్బు కట్టడానికి కారణం ఒక్కటే: నెట్ లేకపోయినా నోట్స్ అన్నీ చేతిలోనే ఉంటాయన్న ప్రకటన. ఇప్పుడు కోపం కూడా సరిగ్గా దాని మీదే.

ఫోన్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేస్తే దిగేది నోట్‌లోని అక్షరాలు మాత్రమే. పీడీఎఫ్ ఉన్నచోట చిన్న బొమ్మ కనిపిస్తుంది, నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. అటాచ్‌మెంట్లు కూడా దిగాలంటే ఫోల్డర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి విడిగా ఆన్ చేయాలి. అది లోపలి సబ్‌ఫోల్డర్లకు వర్తించదు, ఒక్కోదానికీ మళ్లీ పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్ అనే బ్యాటరీ పొదుపు పద్ధతి వల్ల, చార్జింగ్‌లో లేకుండా తెర ఆరి కదలకుండా పక్కన పెట్టిన ఫోన్‌లో యాపులకు నెట్ అప్పుడప్పుడే అందుతుంది, అందుకని డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే తప్పు యాప్‌ది కాదు. కానీ సగంలో ఆగిందన్న సంగతి తెర మీద చెప్పాలి కదా. ఇక్కడ పచ్చ టిక్కు పడి ఉంటుంది.

అసలు దెబ్బ సింక్ దగ్గర. ఒకే నోట్‌ను నెట్ లేనప్పుడు ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ దిద్దితే, మళ్లీ నెట్ వచ్చాక ఈ యాప్ పేరాలవారీగా చూసి కలపదు. నోట్ మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకుని, ఏ కాపీ మీద ఆఖరి సమయం ఉంటే దాన్నే ఉంచుతుంది. ఒకచోట పై పేరా, ఇంకోచోట కింది పేరా మార్చినా సరే, రెండింట్లో ఒకటి పోవాల్సిందే. ఆ సమయం కూడా పరికరం గడియారంలోంచే తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ గడియారం 5 నిమిషాలు ముందుంటే, ఫోన్‌లో ఆ తర్వాత 3 నిమిషాలకు రాసింది పాతదిగా లెక్కకొచ్చి ఎగిరిపోతుంది. పాత వెర్షన్లు చూపించే హిస్టరీ పెయిడ్ ప్లాన్‌లో ఉంది కదా, అక్కడ దొరకదా అంటే దొరకదు. హిస్టరీ ఉండేది సర్వర్‌లో. ఓడిపోయిన కాపీ సర్వర్ దాకా వెళ్లనే లేదు.

ఉచిత ట్రయల్‌లో ఉన్నవాళ్లు దీన్ని పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రెండు పేరాల నోట్ ఒకటి రాసి రెండు పరికరాల్లోనూ తెరవండి. రెండింటికీ నెట్ తీసేయండి. ఫోన్‌లో మొదటి పేరా మార్చండి, నిమిషం ఆగి ల్యాప్‌టాప్‌లో రెండోది మార్చండి. ముందు ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చి, సింక్ అయ్యాక ఫోన్‌కు ఇవ్వండి. రెండు మార్పులూ కనిపించాలి, లేదా కనీసం రెండో కాపీ విడిగా మిగలాలి. ఈ యాప్‌లో రెండూ జరగవు. మార్పు పోయిందన్న హెచ్చరిక కూడా రాదు. నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది అదే.

వారం వారం తిరిగొచ్చే పనుల్లో ఇదే జబ్బు ఇంకోలా బయటపడుతుంది. టిక్కు పెట్టగానే వచ్చే వారం పనిని సర్వర్ కాదు, ఆ పరికరమే తయారుచేస్తుంది. నెట్ లేనప్పుడు రెండుచోట్లా టిక్కు పెడితే వచ్చే వారానికి ఒకే పని రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదాన్ని చేత్తో తీసేయడం తప్ప దారి లేదు.

వెతుకులాట గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాను. వేగం ఇప్పటికీ బాగుంది. అయితే ఫోటోల్లోని అక్షరాలను చదివే పని సర్వర్‌లో జరుగుతుంది కాబట్టి నెట్ లేనప్పుడు స్కాన్ చేసిన కాగితాలు ఫలితాల్లోకి రావు. ఏమీ లేవనే చూపిస్తుంది, వెతకలేదని చెప్పదు.

వాడక తప్పనివాళ్లకు కొన్ని జాగ్రత్తలు. రెండు పరికరాల్లోనూ సమయాన్ని ఆటోమేటిక్‌లో పెట్టండి. పొడవాటి నోట్ ఒకటే పెట్టుకుని అన్నిచోట్లా దిద్దకుండా, ఆఫ్‌లైన్‌లో ఎప్పుడూ కొత్త నోట్ తెరిచి రాసి తర్వాత చేత్తో కలుపుకోండి. కొత్త నోట్‌కు పోటీ కాపీ ఉండదు కాబట్టి అది పోదు.

ఎప్పుడూ నెట్‌లో ఉంటూ, ఒకే పరికరం మీద రాసుకునేవాళ్లకు ఈ లోపాలేవీ ఎదురుకాకపోవచ్చు, వాళ్లకు పెట్టిన డబ్బు దండగ అనను. నా పని సగం నెట్ లేని చోట, రెండు పరికరాల మీద సాగుతుంది. అందుకే ఏడాది ప్లాన్ ఆపి, నోట్స్ బయటికి తీసుకునే దాకా నెలవారీలో ఉన్నాను. అలా తీసేటప్పుడు మార్క్‌డౌన్ (సాదా అక్షరాల ఫైలు) కాకుండా హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రూపం) ఎంచుకోండి. ఈ యాప్ మార్క్‌డౌన్ ఫైళ్లలో నోట్ రాసిన తేదీ ఉండదు, ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కు ఇచ్చిన లింకులు తెగిపోతాయి.