సీటీసీలో కొన్న పాత వర్క్‌స్టేషన్: కరెంటు ఉన్నంతసేపూ బంగారమే

హైదరాబాద్ బాలానగర్‌లో అచ్చులు తయారుచేసే టూల్‌రూములకి మౌల్డ్ (ప్లాస్టిక్ వస్తువుల అచ్చు) డిజైన్లు చేసిచ్చే పని నాది. ఇంట్లోనే కూర్చుని సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. కరోనా తగ్గిన రోజుల్లో సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఈ పాత వర్క్‌స్టేషన్ తీసుకున్నాను. జియాన్ ఈ5-1650 వి3 ప్రాసెసర్, 32 జీబీ ఈసీసీ ర్యామ్, క్వాడ్రో పీ2000 గ్రాఫిక్స్ కార్డు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే తలనొప్పి ఒక్క కంపెనీది కాదు. బెంచ్‌మార్కులు కావాలంటే యూట్యూబ్‌లో బోలెడున్నాయి. నేను రాసేది ఎక్కువగా దీని ఎస్‌ఎంపీఎస్ గురించి, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా గురించి. కొనేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్, కార్డు గురించి గంటసేపు మాట్లాడినవాళ్ళలో ఒక్కరు కూడా దాని ఊసెత్తలేదు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. షాపులో అబ్బాయి నాకు అంటగట్టాలని చూసింది ఇది కాదు, రెండు ప్రాసెసర్ల పెద్ద డబ్బా. ఈ5-2680 వి4లు రెండు, కలిపి 28 కోర్లు. టాస్క్ మేనేజర్ తెరిచి 56 గళ్ళు చూపించి, "అన్నా, క్యాడ్‌కి దీన్ని మించింది లేదు" అన్నాడు. రెండరింగ్ మీద బతికేవాళ్ళకి అది నిజమే కావచ్చు. మౌల్డ్ పనిలో రోజంతా నడిచేది రీబిల్డ్, అంటే ఏదైనా మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని మళ్ళీ లెక్కకట్టుకోవడం. డిజైన్ మెట్ల వరసైన ఫీచర్ ట్రీలో పైనున్న స్కెచ్ తేలాకే కింద ఉన్న ఎక్స్‌ట్రూడ్ (స్కెచ్‌కి మందం ఇవ్వడం), అది తేలాకే దాని మీది ఫిల్లెట్ (అంచు గుండ్రం చేయడం). ఒకదాని కోసం ఇంకోటి ఆగాలి కాబట్టి భారం దాదాపు ఒక్క కోరు మీదే పడుతుంది. క్యావిటీ ప్లేట్ రీబిల్డ్ అవుతూ నేను చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు నా మెషిన్‌లో సీపీయూ వాడకం 8, 9 శాతం దగ్గరే ఉంటుంది. 12 థ్రెడ్లలో ఒక్కటి నిండా పనిచేస్తే వచ్చే అంకె అదే. మిగతావి ఖాళీ. ఆ 28 కోర్ల డబ్బాలో ఒక్కో కోరు టర్బోలో 3.3 గిగాహెర్ట్జ్ వరకే వెళ్తుంది, నాది 3.8 వరకు. ధర కూడా తక్కువ కాబట్టి ఇదే పట్టుకొచ్చాను.

పీ2000 గురించి రెండే ముక్కలు. 75 వాట్లకి మించి తాగదు, ఆ కరెంటు స్లాట్ నుంచే తీసుకుంటుంది, వేరే వైరు అక్కర్లేదు. ఇందులో రియల్‌వ్యూ బటన్ పనిచేస్తుంది, మామూలు గేమింగ్ కార్డులో అది మసకబారి ఉంటుంది. కస్టమర్‌కి స్క్రీన్ షేర్ చేసినప్పుడు పార్ట్ మెరుస్తూ కనిపిస్తే ఆయనకి సంతోషం. అంతకుమించి నా డిజైన్ వేగం పెరిగిందని మాత్రం చెప్పను.

ఇక అసలు సంగతి. మొదటి వేసవిలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. షాంపూ సీసా మూతకి మల్టీ క్యావిటీ మౌల్డ్ చేస్తున్నాను. స్లైడర్లు, ఎజెక్టర్ పిన్నులు అన్నీ పెట్టేసి డ్రాయింగులు తీసే దశలో ఉంది. కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. యూపీఎస్ కుయ్యిమంది. మానిటర్ వెలుగుతూనే ఉంది, 'నో సిగ్నల్' అని చూపిస్తూ. టేబుల్ కింద వర్క్‌స్టేషన్ మాత్రం ఆగిపోయింది. ఆటో రికవర్‌లో దొరికింది దొరికింది, మిగతాది ఆ రాత్రి కూర్చుని మళ్ళీ చేశాను.

యూపీఎస్ బ్యాటరీ పోయిందని ఎవరైనా అనుకుంటారు. కొత్తది వేయించాను. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ. యూపీఎస్ బాగుచేసే అతను చూసి, "బ్యాటరీ కొత్తదే అన్నా, నా దాంట్ల ఏం లేదు. మీ డబ్బాలనే ఏదో ఉన్నది" అన్నాడు. మెషిన్ అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే, "మా దాంట్ల ఏం ప్రాబ్లం లేదన్నా, యూపీఎస్ మార్చుండ్రి" అన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకు అప్పుడు తెలియదు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు టెన్షన్, ఫీచర్ ఫీచర్‌కీ కంట్రోల్ ఎస్ కొట్టుకుంటూ కూర్చోవడం.

తీగ మా అబ్బాయి దగ్గర దొరికింది. నేను టూల్‌రూముకి వెళ్ళినప్పుడు వాడి అసెంబుల్డ్ పీసీని అదే యూపీఎస్‌కి తగిలించుకుని ఆడుకునేవాడు. "డాడీ, కరెంటు పోతే నాది ఆగలే, నీదే ఆగుతది" అన్నాడు ఒకరోజు, గేమ్ మీంచి తల ఎత్తకుండానే. వాడి దాంట్లో ఉన్నది సీటీసీలో క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్. అది నడిచి, నా బ్రాండెడ్ ఎస్‌ఎంపీఎస్ ఆగడం ఏమిటని చదువుతూ పోతే తేలింది.

వర్క్‌స్టేషన్లలో ఉండేవి యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) ఎస్‌ఎంపీఎస్‌లు. వచ్చే కరెంటు అల ఎలా ఉందో చూసుకుంటూ, దానికి తగ్గట్టు లాక్కుంటాయి. చవక యూపీఎస్ బ్యాటరీ మీదికి మారగానే ఇచ్చేది నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే అల. పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగే మధ్యలో కాసేపు సున్నా. దీనికి తోడు లైన్ నుంచి బ్యాటరీకి మారేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ. ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న కరెంటుతోనే ఆ ఖాళీ దాటాలి. మామూలు పీసీ ఎస్‌ఎంపీఎస్‌ల కొలతలు చెప్పే ఏటీఎక్స్ ప్రమాణంలో, పాత లెక్క ప్రకారం నిండు లోడు మీద అది నిలబడాల్సింది 16, 17 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక సైకిలుకే 20 పడుతుంది. అంటే ఒక్క సైకిలు కూడా కాదు. అది దాటాక వచ్చే అల నచ్చకపోతే తనను కాపాడుకోవడానికి ఆపేసుకుంటుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌కి అంత పట్టింపు లేదు. అన్ని యాక్టివ్ పీఎఫ్‌సీలూ అన్ని యూపీఎస్‌ల మీదా ఇలా ఆగిపోవు, కొన్ని జతలు బాగానే కుదురుతాయి. నాకు కుదరలేదు.

సైన్ వేవ్ యూపీఎస్ ధర అడిగితే మెషిన్‌కి పెట్టినదాంట్లో మూడో వంతు చెప్పారు. ఇంట్లో ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టిన ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే కదా అని దాని లైను కంప్యూటర్ టేబుల్ దాకా లాగించాను. మెయిన్ ఆపి చూస్తే మళ్ళీ ఆగింది. ఈసారి ఆగి తనంతట తనే లేచింది, అంతే తేడా.

దారి చూపించింది ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి వచ్చే పెద్దాయన. కొత్త వైరు చూసి, "కంప్యూటర్ గూడ దీని మీదనేనా? మరి స్విచ్ యూపీఎస్‌ల పెట్టలేదేంది?" అన్నారు. ఇన్వర్టర్ వెనక వేలిగోరంత స్విచ్ ఉంది. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉన్నా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ తాపీగా మారుతుంది, ఫ్యాన్‌కి ఆ ఆలస్యం తెలియదు. యూపీఎస్ మోడ్‌లో చకచకా మారుతుంది. ఆయన గోటితో దాన్ని పక్కకి నెట్టి, మెయిన్ ఆపారు. వర్క్‌స్టేషన్ ఫ్యాన్ చప్పుడు కూడా మారలేదు. నమ్మకం కుదరక పెద్ద అసెంబ్లీ తెరిచి, రీబిల్డ్ నడుస్తుండగా మళ్ళీ ఆపించాను. నడుస్తూనే ఉంది. ఖర్చు డిస్టిల్డ్ వాటర్ డబ్బులే, స్విచ్ నెట్టినందుకు ఆయన వేరే ఏమీ అడగలేదు. అప్పటి నుంచి కరెంటు పోయిందని ఈ మెషిన్ ఆగింది లేదు.

కాకపోతే యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ లో వోల్టేజీని ఓర్చుకోదు. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అయ్యేసరికి, కరెంటు ఉన్నా అది బ్యాటరీ మీదికి వెళ్ళిపోతుంది. బ్యాటరీ అనుకున్నదానికంటే ముందే మార్చాల్సి వచ్చింది. మా ఆవిడ ఆ ఖర్చు ఈ మెషిన్ ఖాతాలోనే రాసింది, కాదనలేను.

ఈ ఎస్‌ఎంపీఎస్ మీద నా కోపం అక్కడితో తీరలేదు. ఏ షాపులోనైనా దొరికే ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ ఇందులో పట్టదు. దీని ఆకారం వేరు, బోర్డుకి వెళ్ళే కనెక్టర్ వేరు. పెద్ద బ్రాండ్ల వర్క్‌స్టేషన్లు చాలావాటిలో ఇదే తంతు. చూడ్డానికి కనెక్టర్ ఒకేలా అనిపించినా పిన్నుల వరస వేరైతే బోర్డే కాలిపోవచ్చు, బలవంతంగా దూర్చకండి. అర్ధరాత్రి ఇది పోతే పొద్దున్నే సీటీసీ షట్టర్ ఎత్తేదాకా నా పని బంద్. అందుకని అదే మోడల్ పాత ఎస్‌ఎంపీఎస్ ఒకటి కొని అటక మీద పెట్టుకున్నాను. చవక మెషిన్ అని లెక్కేసేటప్పుడు ఇవన్నీ కలుపుకోవాలి.

కోరు వేగం గురించి పైన చెప్పింది కూడా నేను కొన్నప్పటి మాట. 2022లో వచ్చిన ఐ3-12100లో ఉన్నవి నాలుగే కోర్లు, కానీ ఒక్క కోరు పనిలో నా జియాన్ దాని దరిదాపుల్లో లేదు. కరెంటు లెక్కలో దానిది 60 వాట్లు, నాది 140. దానికి బజారు ఎస్‌ఎంపీఎస్ ఏదైనా పడుతుంది. విండోస్ 11 కూడా అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే, నాది 2014 నాటి చిప్. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి డిజైన్ మెషిన్‌ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచి, ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో తిప్పుతున్నాను. నా దగ్గరైతే పాత సాలిడ్‌వర్క్స్ లైసెన్స్ ఉంది కాబట్టి నడిచిపోతోంది. సబ్‌స్క్రిప్షన్ మీద ఉన్నవాళ్ళకి ఇది కుదిరే పని కాదు.

ఈ మధ్య మా తమ్ముడు అడిగితే, కొత్త ఐ3 బోర్డు తీసుకుని దాంట్లో సెకండ్‌హ్యాండ్ పీ2000 పెట్టుకోమన్నాను. వాడిది అద్దె ఇల్లు, ఇన్వర్టర్ లేదు, ఉన్న ఊరు నుంచి సికింద్రాబాద్ రావాలంటే ఒక రోజు పోతుంది. ఆ పరిస్థితిలో ఇలాంటి వర్క్‌స్టేషన్ నేను కొనమనను. ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండి, విడి భాగాలు దొరికే చోటు దగ్గరలో ఉండి, మెషిన్ బాగా తక్కువకి వస్తుంటే ఆలోచించవచ్చు. నా మటుకు, ఈ ఏడాది అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి కాబట్టి దీన్ని మార్చడం లేదు.