కొత్తవాడ దర్రీ: నేతకు పూర్తి మార్కులు, అద్దకానికి సగమే

వరంగల్ దర్రీ (నేల మీద పరుచుకునే నూలు జంపఖానా) కొనదలచినవారు హన్మకొండ షోరూముల చుట్టూ తిరగడం కంటే నేరుగా వరంగల్‌లోని కొత్తవాడకు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. మగ్గాలున్న ఆ వాడలోనే ఒక చేనేత సహకార సంఘం నడుపుతున్న విక్రయశాలలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల నూలు దర్రీ తీసుకుని, వానాకాలమంతా ముందుగదిలో పరిచి వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా నేత సంగతి చెప్పాలి, ఎందుకంటే మనం పెట్టే డబ్బులో ఎక్కువ భాగం దానికే. తివాచీ మీద ఉండే మెత్తని నూగు దర్రీకి ఉండదు. పేక నూలు పడుగును పూర్తిగా కప్పేసేలా పంజా అనే పళ్ల పనిముట్టుతో దట్టంగా కొడుతూ నేస్తారు కనుక రెండు వైపులా ఒకే రూపు కనిపిస్తుంది, ఒక వైపు మాసితే తిరగేసి పరుచుకోవచ్చు. మేము తీసుకున్న దానిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎక్కడా సందు లేదు, గచ్చు మీద పరిచినప్పుడు మూలలు పైకి లేవలేదు, కుర్చీలు ఎన్నిసార్లు జరిపినా దారం పైకి రాలేదు. ఇక్కత్ పద్ధతిలో నేసినవి, కలంకారీ అచ్చు వేసినవి కూడా అక్కడ చూపించారు గాని, రోజువారీ వాడకానికి చారల దర్రీయే నిలుస్తుందనిపించింది.

అద్దకం దగ్గర మాత్రం ఆ నాణ్యత లేదు. "మొదటి రెండు ఉతుకులకు ఎరుపు కొంచెం దిగుతది సారూ, ఉప్పు నీళ్లల్ల నానబెట్టి నీడకు ఆరేయుండ్రి" అని కౌంటరు దగ్గరి పెద్దాయన ముందే చెప్పారు. ఆ నిజాయితీ నచ్చింది. చెప్పినట్లే చేసినా పక్కనున్న తెల్ల చారకు గులాబీ ఛాయ అంటుకుంది. లేత రంగులు, ముదురు రంగులు పక్కపక్కన ఉన్నవి కొనకపోవడం మంచిది.

ధర అదే కొలతలో మరమగ్గం మీద నేసిన దానికి ఇంచుమించు రెట్టింపు. ఇది ఎక్కువే గాని, కారణం ఈ నగరంలోనే ఉంది. చుట్టుపక్కల పండే పత్తి ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలకొద్దీ వస్తుంది. నూలు మాత్రం బయటి మిల్లుల నుంచి తెప్పించుకుంటున్నామని సంఘం వారు చెప్పారు. నిజాం కాలంలో, 1934లో నెలకొల్పిన ఆజంజాహి మిల్లు ఇక్కడి పత్తితో ఇక్కడే బట్ట తీసేది. అది మూతపడి, దాని స్థలంలో చాలా భాగం ఇళ్ల ప్లాట్లుగా మారింది. పని వెతుక్కుంటూ సూరత్‌కు, భివండికి వెళ్లిన నేత కుటుంబాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ లేవు. వారిని తిరిగి రప్పించాలన్నది కూడా ఒక ఉద్దేశంగా గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు. పార్కులోని కర్మాగారాల బట్టకూ కొత్తవాడ చేతిమగ్గానికీ నేరుగా సంబంధం లేదు కనుక దానివల్ల దర్రీ ధర తగ్గుతుందని నేను అనుకోను.

1851 నాటి లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు చోటు సంపాదించుకున్నాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా లభించింది. ఇంత చరిత్ర ఉన్న సరుకును అమ్మే తీరు మాత్రం నిరాశపరిచింది: మా దర్రీ మీద ఆ గుర్తింపును తెలిపే చీటీ లేదు, కొలతలు లేవు, ఉతికే విధానం రాసిన కాగితం లేదు. బజారులో మరమగ్గం సరుకును కూడా వరంగల్ దర్రీ పేరుతోనే అమ్ముతున్నప్పుడు, అసలు సరుకు అమ్మేవారే ఆనవాలు చూపకపోతే కొత్తగా వచ్చినవారు రెంటినీ ఎలా వేరుచేయగలరు?

కొనేవారు బిల్లు మీద చేనేత అని రాయించుకోవాలి, దర్రీని పూర్తిగా విప్పించి రెండు వైపులా చూడాలి, తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది రంగు అంటుతుందేమో పరీక్షించాలి. మేము అడిగితే అక్కడి వారు విసుక్కోకుండా అన్నీ విప్పి చూపించారు.