ప్లగ్ మీటరు: వాట్లు కాదు, యూనిట్లు చూడాలి

గోడ సాకెట్టుకూ వస్తువుకూ మధ్య గుచ్చే ఈ చిన్న మీటరు వోల్టేజి, ఆంపియర్లు, వాట్లు, పవర్ ఫ్యాక్టరు అంటూ చాలా అంకెలు చూపిస్తుంది. రెండు వేసవులు వాడాక నాకు అక్కరకొచ్చింది ఒక్కటే: మొత్తం ఎన్ని యూనిట్లు కాలాయో కూడబెట్టి చూపించే అంకె. దాని మొహం చూసి మిగతా లోపాలన్నీ భరిస్తున్నాను.

వాట్లను నమ్ముకుంటే లెక్క ఎక్కడికో పోతుంది. ఇస్త్రీపెట్టె పెట్టగానే వెయ్యి కనబడి గుండె గుభేలుమంటుంది. తీరా పదిహేను నిమిషాల్లో పని ముగిసి పావు యూనిట్‌తో సరిపోతుంది. టీవీ పక్కన సెట్‌టాప్ బాక్సు మాత్రం పన్నెండు వాట్లే చూపిస్తూ, టీవీ కట్టేసినా ఆగకుండా, రెండు నెలలకు పదిహేడు యూనిట్లు మింగుతోంది.

రెండు నెలలని ఎందుకంటున్నానంటే చెన్నైలో ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు రీడింగు తీసేది రెండు నెలలకోసారి. 2016లో మొదటి 100 యూనిట్లు ఉచితం చేశారని అందరికీ తెలుసు. 500 దగ్గరున్న గీత సంగతి మాత్రం చాలామంది బిల్లు చూసి ఉలిక్కిపడ్డాకే తెలుసుకుంటారు. 2022 సెప్టెంబరు నాటి ధరల్లో ఆ గీత దాటితే 101 నుంచి 200 వరకు దక్కే చవక ధర ఎగిరిపోయేది. 500 యూనిట్లకు 1,725 రూపాయలైతే 510కి 2,030. పది యూనిట్లకు 305 రూపాయలన్నమాట! 2024 జూలైలో ధరలు మళ్లీ పెరిగాయి. వేసవి వస్తే మా ఇల్లు ఆ గీతకు అవతలే ఉండేది.

నేరం ఎప్పుడూ ఏసీదే. "అమ్మాయీ, ఆ ఏసీ కట్టేస్తేగానీ ఈ బిల్లు దారికి రాదు" అని మావయ్యగారు బిల్లు వచ్చిన ప్రతిసారీ తీర్పు చెప్పేవారు. ఏసీ వైరు నేరుగా గోడలోకే వెళ్తుంది కాబట్టి దాన్ని ఈ మీటరుతో కొలవలేను. అందుకని ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, మిక్సీ, టీవీ అన్నీ వరుసగా కొలిచాను. ఏసీకి ఉదారంగా వాటా వేసినా లెక్క కలవలేదు. మిగిలింది బాల్కనీ మూల ఉన్న ఇన్వర్టరు.

ఇన్వర్టరును కొలవడంలో ఒక చిక్కుంది. కరెంటు ఉన్నప్పుడు కూడా దానికి కలిపిన ఫ్యాన్లూ లైట్లూ వాడుకునేది దానిగుండానే వెళ్తుంది. కాబట్టి మామూలు రోజుల్లో వచ్చే అంకెలో ఇన్వర్టరు వాటా ఎంతో, ఫ్యాన్ల వాటా ఎంతో విడదీయలేం. సంక్రాంతికి నెల్లూరు వెళ్తూ ఫ్యాన్లు, లైట్లు, వైఫై డబ్బాతో సహా అన్నీ ఆపేసి, ఇన్వర్టరు ప్లగ్గును మాత్రం మీటరులో పెట్టి తాళం వేశాం. తిరిగి వచ్చి చూస్తే రోజుకు సగటున ఒకటింపావు యూనిట్ చొప్పున కాలి ఉంది. ఖాళీ ఇంట్లో! రెండు నెలలకు 75 యూనిట్లు.

బ్యాటరీ నిండాక దానికి అందాల్సిన చార్జింగు చాలా కొద్ది. మాది పాతబడి, ఎంత పోసినా నిలుపుకోలేక, పగలూ రాత్రీ లాగుతూనే ఉంది. చేయి ఆనిస్తే గోరువెచ్చగా తగిలేది. డిస్టిల్డ్ వాటరు త్వరగా తరిగిపోయేది. మూతలు విప్పి, సన్న మూతి గరాటు పెట్టి, ఎర్ర తేలియాడే పుల్ల పైకి లేచేదాకా నీళ్లు పోయడం మావయ్యగారి పని. ఆ సేవలో ఎవరినీ వేలు పెట్టనిచ్చేవారు కాదు. లెక్క చూపిస్తే కాసేపు మౌనంగా ఉండి, "పాలు పోసి పామును పెంచినట్టయిందన్నమాట" అన్నారు. ఏసీ ఊసు మాత్రం ఎత్తలేదు.

కొత్త బ్యాటరీ పెట్టాక ఇన్వర్టరు రోజువారీ వాడకం పావు యూనిట్‌కు కాస్త పైన ఆగింది. ఆ వేసవిలో, ఏసీ జోలికి పోకుండానే, బిల్లు 500 యూనిట్ల లోపు వచ్చింది. అయితే పిల్లలు సెలవుల్లో సగం అమ్మమ్మ ఇంట్లో గడిపారు, ఆ పుణ్యం కూడా కొంత ఉండే ఉంటుంది. బ్యాటరీ ఖర్చును ఈ ఆదాలోంచి తీసేస్తే మిగిలేది కూడా తక్కువే. కరెంటు పోతే అరగంట కూడా నిలవని బ్యాటరీని ఎటూ మార్చాల్సిందే కాబట్టి ఆ లెక్క నేను వేసుకోలేదు.

అప్పటి ఉత్సాహంలో ఫ్లాట్లలో అందరికీ ఈ మీటరు కొనమని చెప్పాను. ఇప్పుడు ఆచితూచి చెబుతున్నాను. ఖర్చును రూపాయల్లో చూపే సదుపాయం మనకు దండగ, యూనిట్‌కు ఒకే ధర తీసుకుంటుంది, మన ధరలేమో మెట్లుమెట్లుగా ఉంటాయి. తెరకు వెలుగు లేదు, సోఫా వెనక సాకెట్టులో పెడితే టార్చి పట్టుకుని వంగాలి. ఫోను చార్జరు లాంటి చిన్నవాటికి సున్నా చూపిస్తుంది. 16 ఆంపియర్లదని రాసి ఉన్నా గీజరు కాసేపు నడిచేసరికి పిన్నులు వేడెక్కాయి, మళ్లీ దానికి పెట్టలేదు.

మాది సొంత ఫ్లాటు, ఈబీ మీటరు మా పేరునే ఉంది, ఇన్వర్టరు పాతది. అందుకే మాకు కలిసొచ్చింది. అద్దె ఇంట్లో యజమాని యూనిట్‌కు ఇంతని ఒకే ధర వసూలు చేస్తుంటే 500 గీతతో మీకు నిమిత్తం లేదు, ఆదా అయిన యూనిట్ల డబ్బే మిగులుతుంది. ఇంట్లో పాత ఫ్రిజ్జో ఇన్వర్టరో ఉంటే మాత్రం తెలిసినవారి దగ్గర ఒక వారానికి అడిగి తెచ్చుకోండి. నా మీటరు ఇప్పుడు ఎక్కువ రోజులు సొరుగులోనే ఉంటోంది.